నాలుగు ముక్కల తూకంతో ఊరి పంటకు తీర్పు చెప్పేముందు

ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ శాఖ మంత్రిగారికి,



ఖరీఫ్ వరి కోతల కాలం వచ్చిందంటే మీ శాఖ సిబ్బంది, అర్థ గణాంక శాఖ సిబ్బంది టేపులు, తాళ్లు, మేకులు పట్టుకుని పొలాల్లోకి దిగుతారు. వరికి గ్రామం యూనిట్‌గా ఉన్నచోట ఊరికి కనీసం నాలుగు పంట కోత ప్రయోగాలు చేస్తారు. ఒక్కోచోట అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పున ముక్కను కొలిచి, అందులోని వరిని కోసి, నూర్చి, తూర్పారబట్టి, తూస్తారు. ఆ తూకాల సరాసరే ఆ ఊరి దిగుబడి. వడగళ్ల వాన వంటి కొన్ని స్థానిక విపత్తులకు పొలం వారీ అంచనా ఉన్నా, ఊరంతటికీ తగిలిన నష్టానికి ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన కింద పరిహారం వస్తుందా రాదా, వస్తే ఎంత అన్నది ప్రధానంగా ఆ అంకె మీదే ఆధారపడుతుంది.

నేను డిగ్రీ విద్యార్థులకు సాంఖ్యక శాస్త్రం చెప్పిన మాస్టారిని. ఈ ఉత్తరంలో రాసేవన్నీ మొదటి ఏడాది పాఠాలే: సంభావ్యత, శాంపిల్, దాని నుంచి మొత్తాన్ని అంచనా వేయడం. ఇవి తెలిసిన అధికారులు మీ దగ్గర చాలామందే ఉన్నారు. అయినా ఊరి సరాసరిని ప్రకటించినప్పుడు దాని పక్కన ఉండవలసిన రెండో అంకె రైతు కంట పడదు. ఆ సరాసరి ఎంతమేరకు అటూ ఇటూ కావచ్చో చెప్పే అంకె అది. దాన్ని కూడా రైతుకు చూపించమని అడగడానికే ఈ ఉత్తరం.

ముందుగా రైతుల నుంచి తరచూ వినిపించే ఒక అభ్యంతరం గురించి చెప్పాలి. వెయ్యెకరాల ఊళ్లో నాలుగు ముక్కలు కోస్తే ఏం తెలుస్తుంది అంటారు. లెక్క వేసి చూస్తే ఆ ఊళ్లో పాతిక చదరపు మీటర్ల ముక్కలు సుమారు లక్షా అరవై వేలు ఉంటాయి. వాటిలో నాలుగంటే లెక్కలోకే రానంత తక్కువ అనిపించడం సహజం. కానీ శాంపిల్ సత్తా ఊరి విస్తీర్ణంలో ఎన్నో వంతు కోశామన్నదాని మీద పెద్దగా ఆధారపడదు. అయిదు వందల ఎకరాల ఊరికైనా, అయిదు వేల ఎకరాల ఊరికైనా, పంట ఒకే తీరుగా ఎగుడుదిగుడుగా ఉంటే నాలుగు ముక్కలు దాదాపు ఒకే సమాచారం ఇస్తాయి. చూడవలసినవి రెండు: ఎన్ని ముక్కలు కోశాం, ఆ ఊళ్లో పొలానికీ పొలానికీ తేడా ఎంత.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. కుండలో నీళ్లూ వేడీ అంతటా ఒకేలా అందుతాయి కాబట్టే ఆ ఒక్క మెతుకు మాట నమ్ముతాం. ఊరు అలా ఉండదు. కాలువ మొదట్లో ఉన్న మాగాణికి నీరు ముందుగా అందుతుంది, శివారు ఆయకట్టుకు అందీ అందకుండా వస్తుంది. చెరువు కింది భూమి వేరు, బోరు కింది భూమి వేరు. ఒకరు జూన్‌లో నారు పోస్తే మరొకరు నీళ్ల కోసం ఆగి ఆగస్టులో నాట్లు వేస్తారు. అక్టోబరులో తుపాను వస్తే ఒకరి పైరు పొట్ట దశలో ఉంటుంది, మరొకరిది కోతకు సిద్ధంగా ఉంటుంది. ఇంత తేడా ఉన్న ఊరికి నాలుగు ముక్కలు చాలవు. నిజంగా లేవనెత్తవలసిన అభ్యంతరం ఇదే.

ఎంత చాలవో ఒక ఊహా ఉదాహరణతో చూపిస్తాను. ఒక ఊళ్లో నాలుగు ముక్కల్లో తూగిన ధాన్యం 14, 9, 12.5, 10.5 కిలోలు అనుకుందాం. సరాసరి 11.5 కిలోలు. హెక్టారుకు 4,600 కిలోలు, మన రైతు భాషలో ఎకరాకు దాదాపు పాతిక బస్తాలు, బస్తా 75 కిలోల లెక్కన. ప్రకటించేది ఈ అంకెనే. ఇప్పుడు ఆ నాలుగు తూకాలు సరాసరికి ఎంతెంత దూరంలో ఉన్నాయో చూడండి: రెండున్నర కిలోలు పైన, రెండున్నర కింద, ఒకటి పైన, ఒకటి కింద. ఈ దూరాల వర్గాలను కూడితే 14.5. దాన్ని మూడుతో భాగించి వర్గమూలం తీస్తే 2.2 కిలోలు. పొలానికీ పొలానికీ ఉన్న తేడాకు ఇది కొలత. నాలుగు ముక్కల సరాసరికి వచ్చేసరికి ఈ తేడా నాలుగు వర్గమూలంతో, అంటే రెండుతో భాగింపబడి 1.1 కిలోలవుతుంది. దీన్నే ప్రామాణిక దోషం అంటాం. దోషం అన్నామని ఎవరో తప్పు చేశారని కాదు. ఇంకో నాలుగు ముక్కలు ఎంపికై ఉంటే సరాసరి ఇంకోలా వచ్చేది, ఆ మార్పు మామూలుగా ఎంత ఉంటుందన్నదే ఆ అంకె అర్థం.

ఇంత చిన్న శాంపిల్‌తో 95 శాతం విశ్వాస అంతరం కట్టాలంటే ప్రామాణిక దోషాన్ని 3.18తో గుణించాలి. వచ్చేది మూడున్నర కిలోలు. అంటే ఆ ఊరి దిగుబడి ఎకరాకు 17 బస్తాల నుంచి 32 బస్తాల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. పదిహేడు బస్తాలు పండిన ఊరు పెట్టుబడి పోయి ఏడుస్తుంది. ముప్పై రెండు పండిన ఊరు సంతోషంగా పండగ చేసుకుంటుంది. మనం కోసిన నాలుగు ముక్కలు ఈ రెండు ఊళ్లనూ వేరు చేసి చెప్పలేకపోతున్నాయి. అయినా ప్రకటనలో మాత్రం 4,600 అన్న అంకె తిరుగులేనిదిలా నిలబడుతుంది.

95 శాతం అన్న మాటను చాలామంది పొరపాటుగా అర్థం చేసుకుంటారు కాబట్టి రెండు మాటలు. ఇదే పద్ధతిలో వంద ఊళ్లలో అంతరాలు కడితే, సుమారు తొంభై అయిదు ఊళ్లలో అసలు దిగుబడి ఆ అంతరం లోపల పడుతుందని దాని భావం. ఆ హామీ పద్ధతి ఇస్తున్నది. ఫలానా ఊరి అంతరం సరైన తొంభై అయిదింటిలో ఉందో, తప్పిన అయిదులో ఉందో ఎవరూ చెప్పలేరు.

పైన 3.18 అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకుండా ముందుకు పోలేను. డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసిన విలియం గాసెట్ 1908లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో ఒక వ్యాసం ప్రచురించాడు. అతనికి దొరికే పరిశీలనలు చాలా కొద్ది. కొద్దిపాటి పరిశీలనలతో సరాసరిని ఎంతవరకు నమ్మవచ్చన్నది అతని ప్రశ్న. చిన్న శాంపిల్‌కు పెద్ద శాంపిల్ సూత్రాలు వాడితే లేని ధీమా వస్తుందని అతను నిరూపించాడు. నాలుగు ముక్కలకు 3.18 అన్న గుణకం అతని పద్ధతి నుంచి వచ్చినదే. నాలుగు ముక్కలతో ఊరి భవితవ్యం తేల్చే మనకు ఈ పాఠం అందరికంటే ఎక్కువ అవసరం.

నిజానికి ఈ శాస్త్రంలో మన దేశం ఎవరి వెనకా లేదు. 1920లలోనే బీహార్, ఒడిశాల్లో జె.ఎ. హబ్బాక్ అనే ఐసీఎస్ అధికారి యాదృచ్ఛికంగా ఎంచిన ముక్కల్లో వరి కోయించి దిగుబడి అంచనా వేశాడు. అంతకు ముందు అధికారులు కంటితో చూసి, ఈ ఏడు పంట ఇన్ని అణాలు అని రాసుకునేవారు. 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించిన ప్రశాంత చంద్ర మహలనోబిస్, ఆ తర్వాతి ఏళ్లలో బెంగాల్ జనపనార పంటపై చేయించిన శాంపిల్ సర్వేలు ప్రపంచానికే దారి చూపాయి. వ్యవసాయ పరిశోధన మండలిలో పనిచేసిన పి.వి. సుఖాత్మే మరో పార్శ్వాన్ని పట్టుకున్నాడు. కోత ముక్క మరీ చిన్నదైతే దిగుబడి ఉన్నదానికంటే ఎక్కువగా వస్తుందని 1940లలో చూపించాడు.

సుఖాత్మే చెప్పినది పొలంలో నిలబడి ఆలోచిస్తే ఎవరికైనా అర్థమవుతుంది. తాడు కట్టిన గీత మీద ఉన్న వరి దుబ్బు లోపలిదా, బయటిదా? అనుమానం వచ్చినప్పుడు కొడవలి పట్టిన చెయ్యి దాన్ని లోపలికే లాగుతుంది. రెండు మీటర్ల చదరానికి చుట్టుకొలత ఎనిమిది మీటర్లు, వైశాల్యం నాలుగు చదరపు మీటర్లు. అయిదు మీటర్ల చదరానికి చుట్టుకొలత ఇరవై, వైశాల్యం పాతిక. అంటే చిన్న ముక్కలో చదరపు మీటరుకు రెండు మీటర్ల అంచు తగులుతుంటే, పెద్ద ముక్కలో మీటరు కూడా తగలదు. అంచు మీద జరిగే పొరపాటు చిన్న ముక్కలో అంత ఎక్కువగా లెక్కలోకి చేరుతుంది. మనం ఇప్పుడు వాడుతున్న అయిదు మీటర్ల కొలత వెనక ఇంత ఆలోచన ఉంది. తాడు సరిగ్గా బిగించకపోయినా, మూలల్లో లంబకోణం తప్పినా ఆ ఆలోచనంతా వృథా.

ఇక్కడ రెండు రకాల తప్పులను వేరుగా చూడాలి మంత్రిగారూ. ఒకటి, ముక్కలు తక్కువ కావడం వల్ల సరాసరి అటూ ఇటూ ఊగడం. ముక్కలు పెంచితే అది తగ్గుతుంది. రెండోది ఒకే వైపు లాగే తప్పు. రోడ్డు పక్క పొలమైతే పోయి రావడం సులువు కాబట్టి అక్కడే కోయడం, లాటరీలో వచ్చిన సర్వే నంబరులో అప్పటికే కోత అయిపోయిందని పక్క పొలానికి మారడం, ఊళ్లో పలుకుబడి ఉన్నవాళ్లు ‘ఇదిగో ఈ మడిలో కొయ్యండి’ అంటే కాదనలేకపోవడం, ఇవన్నీ ఈ కోవలోవి. బీమా కంపెనీ మనిషి ఒత్తిడి ఒక వైపుకు లాగితే, ఊరివాళ్ల ఒత్తిడి మరో వైపుకు లాగవచ్చు. ఇలాంటి తప్పును నాలుగుకు బదులు నలభై ముక్కలు కోసినా పోగొట్టలేం. పైగా శాంపిల్ పెద్దది కదా అని ఆ తప్పు అంకెనే మరింత గట్టిగా నమ్ముతాం.

దానికి మందు సంభావ్యతే. ఏ పొలానికి ఎంపికయ్యే అవకాశం ఎంతో ముందే తెలిసి ఉండాలి, ఏ పొలానికీ ఆ అవకాశం సున్నా కాకూడదు. అందుకే మీ నిబంధనల్లో యాదృచ్ఛిక సంఖ్యల జాబితా ఉంది. సర్వే నంబరును దానితోనే తీయాలి. పొలంలోకి వెళ్లాక నైరుతి మూల నుంచి పొడవున ఎన్ని అడుగులు, అడ్డంగా ఎన్ని అడుగులు వేసి మేకు దింపాలో కూడా దానితోనే తీయాలి. మనిషి ఇష్టాయిష్టాలకు చోటు లేకుండా చేసినప్పుడే పైన చెప్పిన ప్రామాణిక దోషం, విశ్వాస అంతరం వంటి మాటలకు అర్థం ఉంటుంది. ఎంపికలో ఎవరి చెయ్యైనా దూరితే ఆ లెక్కలన్నీ కాగితం మీది అలంకారాలే. గ్రామంలో పనిచేసే ఒక వ్యవసాయ సహాయకుడు ఎండలో అరగంట ఎక్కువ నడిచి లాటరీలో వచ్చిన పొలానికే వెళ్లాడంటే, అతను ఊరందరికీ న్యాయం చేస్తున్నాడు. ఈ సంగతి అతనికి ఎవరైనా చెప్పారో లేదో నాకు అనుమానమే.

ఇక పరిహారం తీర్పు దగ్గరికి వద్దాం. దానికి కొలబద్ద హామీ దిగుబడి. హామీ దిగుబడి అంటే గత ఏడేళ్లలో మెరుగైన అయిదేళ్ల సరాసరిని, ఆ పంటకు నిర్ణయించిన 70, 80 లేదా 90 శాతం స్థాయితో గుణిస్తే వచ్చేది. ఈ ఏటి దిగుబడి దానికంటే ఎంత తగ్గిందో, హామీ దిగుబడిలో అది ఎన్నో వంతో, బీమా మొత్తంలో ఆ వంతు పరిహారంగా వస్తుంది. సూత్రం సరళంగానే ఉంది. కానీ అందులోని అంకెలు రెండూ శాంపిల్ నుంచి వచ్చినవే. ఈ ఏటి దిగుబడి అటూ ఇటూ ఊగుతున్నట్టే, గత ఏళ్ల దిగుబడులూ ఇలాంటి కొద్దిపాటి ముక్కల మీదే కట్టినవి.

మళ్లీ ఉదాహరణకే వస్తాను. ఒక ఊరి హామీ దిగుబడి హెక్టారుకు 4,400 కిలోలు. తెగులు వచ్చి అసలు దిగుబడి 4,000కు పడిపోయింది. అంటే బీమా మొత్తంలో తొమ్మిది శాతం పైచిలుకు ఆ ఊరి రైతులకు రావాలి. నాలుగు ముక్కల సరాసరికి ప్రామాణిక దోషం 440 కిలోలైతే, మన తూకంలో సరాసరి 4,400 దాటి కనిపించే సంభావ్యత సుమారు 18 శాతం. అంటే ఇలా నష్టపోయిన ఊళ్లు వంద ఉంటే వాటిలో పద్దెనిమిదింటికి ‘మీకు నష్టం లేదు’ అన్న జవాబు వస్తుంది. అదే లెక్కన 4,800 పండిన ఊళ్లు వంద ఉంటే వాటిలో పద్దెనిమిదింటికి రాని నష్టానికి పరిహారం అందుతుంది. పాఠ్యపుస్తకాల్లో మొదటి రకం దోషం, రెండో రకం దోషం అని పిల్లలు వల్లె వేసేవి ఇవే. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. ఊళ్లో అది ఒక ఏడాది పెట్టుబడి, అందులో చాలాసార్లు కౌలు రైతు అప్పు చేసి తెచ్చిన పెట్టుబడి.

అదే ఊళ్లో పదహారు ముక్కలు కోస్తే? ప్రామాణిక దోషం సగానికి, అంటే 220కి తగ్గుతుంది. అన్యాయం జరిగే ఊళ్లు వందకు పద్దెనిమిది నుంచి మూడు నాలుగుకు దిగుతాయి. దోషం సగం కావాలంటే ముక్కలు నాలుగు రెట్లు కావాలన్నది ఈ శాస్త్రంలో కఠినమైన నియమం. దాని ఖర్చు నాకు తెలియనిది కాదు. సిబ్బంది తక్కువ, కోతల కాలం చిన్నది, యంత్రాలు వచ్చాక ఊరంతా వారం పది రోజుల్లోనే కోసేస్తున్నారు. అందుకే అన్ని ఊళ్లలో పదహారు ముక్కలు కోయమని అడగడం లేదు. మొదటి నాలుగు తూకాల్లో తేడా బాగా ఎక్కువగా ఉన్న ఊళ్లలోనూ, సరాసరి హామీ దిగుబడికి దగ్గరగా పడిన ఊళ్లలోనూ మిగిలిన పంట కోయకముందే మరికొన్ని ముక్కలు కోయించండి. ఏ ఊళ్లో ఎప్పుడు అదనంగా కోయాలన్న నియమం మాత్రం సీజన్‌కు ముందే రాసి పెట్టాలి. ఫలితం చూశాక నియమం మారిస్తే మళ్లీ మనిషి ఇష్టం దూరినట్టే.

ఇంకో దారి దాదాపు ఖర్చు లేనిది. ఊరిని కాలువ మొదలు, శివారు, చెరువు కింద, బోరు కింద అని భాగాలు చేసి, ఒక్కో భాగం నుంచి విడిగా లాటరీ తీయండి. భాగాల విస్తీర్ణాన్ని బట్టి సరాసరికి బరువు ఇవ్వండి. నాలుగు ముక్కలూ కాలువ మొదట్లోనే పడే దురదృష్టం అప్పుడు ఏ ఊరికీ రాదు. అదే నాలుగు ముక్కలతో మరింత నమ్మకమైన అంకె వస్తుంది.

ఉపగ్రహాలున్నాయి కదా, ఇదంతా ఎందుకని మీ సలహాదారులు అనవచ్చు. 2023 ఖరీఫ్ నుంచి వరి, గోధుమ దిగుబడి అంచనాలో సాంకేతిక పద్ధతుల అంకెకు కనీసం 30 శాతం బరువు ఇవ్వాలన్న నిర్ణయం వచ్చింది. మంచిదే. కానీ ఉపగ్రహం చూసేది పచ్చదనాన్ని, గింజ బరువును కాదు. ఆ పచ్చదనానికి ఇన్ని కిలోలని నేర్పేది నేల మీది కోత ప్రయోగమే. నేల మీది అంకె ఒక వైపుకు ఒరిగి ఉంటే, ఆకాశం నుంచి వచ్చే అంకె కూడా ఆ ఒరుగునే నేర్చుకుంటుంది.

ఈ సందర్భంలో మన తెలుగువాడు కల్యంపూడి రాధాకృష్ణారావును తలచుకోవాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా చేరిన ఆయన, 1945లో ప్రచురించిన ఒక వ్యాసంలో అంచనాలకు ఒక కనిష్ఠ హద్దు ఉందని నిరూపించారు. ఒక వైపుకు ఒరగని అంచనా పద్ధతి ఎంత తెలివైనదైనా, చేతిలో ఉన్న పరిశీలనల్లోని సమాచారం అనుమతించే దానికంటే దోషాన్ని తగ్గించలేదు. ప్రపంచమంతా దాన్ని క్రామర్-రావు హద్దు అంటుంది. ఆయన 2023లో అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర పురస్కారం అందుకుని, అదే ఏడాది ఆగస్టులో నూట రెండేళ్ల వయసులో కన్నుమూశారు. నాలుగు ముక్కల్లో ఎంత సమాచారం ఉందో అంతే ఉంది. ఏ యాప్‌లో ఎక్కించినా, ఎన్ని దశాంశ స్థానాల వరకు రాసినా అది పెరగదు.

నేను రైతుల పక్షాన మాట్లాడుతున్నానని బీమా కంపెనీలు అనుకోనక్కరలేదు. ఊగే అంకె వారికీ నష్టమే. నష్టం లేని ఊళ్లకు చెల్లించవలసి వచ్చిన ప్రతిసారీ వచ్చే ఏడు ప్రీమియం అంచనాలో వారు దాన్ని కలుపుకుంటారు. రైతు ఖరీఫ్ వరికి కట్టేది బీమా మొత్తంలో రెండు శాతమే. మిగిలిన ప్రీమియం భరించేది కేంద్ర, రాష్ట్ర ఖజానాలు. అంటే కొలతలోని అనిశ్చితికి మనమందరం డబ్బు కడుతున్నాం. ఆ డబ్బులో కొంత మరిన్ని కోతలకు పెడితే మేలు.

కాబట్టి మంత్రిగారూ, నా కోరికలు ఇవి. ఎంపికైన సర్వే నంబర్లను కోతలకు ముందే రైతు సేవా కేంద్రం గోడ మీద అంటించండి. కోత అయ్యాక నాలుగు తూకాలనూ విడివిడిగా అక్కడే రాయండి. సరాసరి పక్కన అది ఏ అంకె నుంచి ఏ అంకె వరకు ఉండవచ్చో బస్తాల్లో రాయండి. ఎంపికైన పొలాన్ని మార్చవలసి వస్తే కారణం, మార్చినవారి హోదా రాయండి. రైతుల పేర్లు తీసేసి రాష్ట్రమంతటి కోత తూకాలను మన డిగ్రీ కళాశాలల్లో సాంఖ్యక శాస్త్రం చదివే పిల్లలకు అందుబాటులో ఉంచండి. పాచికలు, నాణేలు ఎగరేసి నేర్చుకునే సంభావ్యతను వాళ్లు తమ ఊరి పంట మీద నేర్చుకుంటారు, ఎక్కడ అంకెలు అనుమానంగా ఉన్నాయో మీకూ చెప్పగలుగుతారు.

పరిహారం రాని ఊరికి ‘మీకు నష్టం జరగలేదు’ అని మీ శాఖ జవాబు రాస్తుంది. నాలుగు తూకాల్లో నష్టం రుజువు కాకపోతే, నష్టం జరగలేదని రుజువైనట్టు కాదు. రుజువు చేసేంత పెద్ద శాంపిల్ మనం తీయలేదేమో. ఆ ఊరి రైతు ప్రీమియం కట్టాడు, తన పొలంలో ఎంత పండిందో తన చేత్తో ఎత్తిన బస్తాలను బట్టి అతనికి తెలుసు. మన లెక్క ఎలా వేశామో, అందులో ఎంత అనుమానం మిగిలిందో తెలుసుకునే హక్కు అతనికి ఉంది. వచ్చే కోతల నాటికే ఆ నాలుగు తూకాలూ గోడ మీదికి రావాలని వేడుకుంటున్నాను.

ఇట్లు
ఒక సాంఖ్యక శాస్త్ర అధ్యాపకుడు